కారణం తెలపండి

పుట్టకముందే బడిలో చేరిన పిల్లాడు ఆ రోజు పొద్దున్నే ఒకడు దొరికాడు. పుట్టిన సంవత్సరం దగ్గర ఈ ఏడాది పడింది, చేరిన సంవత్సరం దగ్గర నాలుగేళ్ళ కిందటిది. కొర్రీల బాబాయి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ముక్కు తెరకి ఆనేంత దగ్గరగా వంగి చూసి, ఆ వరసకి పసుపు రంగు పూశాడు. పక్క గడిలో 'పుట్టిన తేదీ సరిచూడండి' అని రాసి కిందికి జరిగాడు. అక్కడ ఒకమ్మాయి ఒకేసారి రెండు బళ్ళలో చదువుతోంది. ఇంకొంచెం కింద ఒక రెండో తరగతి మొత్తం ఒకే రోజున పుట్టింది. గుమాస్తాకి విసుగొచ్చి మొదటి తేదీనే కిందిదాకా లాగేసి ఉంటాడు. బాబాయికి కోపం రాలేదు. ఇన్నేళ్ళుగా ఇవే చూస్తున్నవాడికి తప్పు కనిపించకపోతేనే అనుమానం.

జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో మేడమీద, మెట్లకీ మరుగుదొడ్లకీ మధ్య ఇరుక్కున్న గది ఆయనది. కిటికీ ఉంది గాని రంగు వేసినప్పుడు రెక్కలు అంటుకుపోయి మళ్ళీ తెరుచుకోలేదు. ఫ్యాను తిరిగినంతసేపూ ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు చేస్తుంది. కుర్చీ మీద పాత దుప్పటి మడతపెట్టి భార్య కుట్టిచ్చిన దిండు. ఆ దిండు మధ్యలో బాబాయి కూర్చునేచోట గుంట పడింది, ఇంకెవరు కూర్చున్నా కుదరదు.

జిల్లాలోని బళ్ళన్నీ తమ పిల్లల వివరాలు కంప్యూటర్లో ఎక్కిస్తాయి. ఎవరు చేరారు, ఎవరు మానేశారు, మధ్యాహ్నం బడిలోనే ఎవరు తింటారు, ఎవరికి బస్సు కావాలి, ఎవరికి చూపు సరిగా లేదు, ఎవరికి మాట రాదు. అవన్నీ బాబాయి చేతిమీదుగా రాష్ట్రానికి పోతాయి, అక్కడినుంచి కేంద్రానికి పోతాయి. వాటిని బట్టే తిరిగి పుస్తకాలొస్తాయి, బస్సులొస్తాయి, టీచర్లొస్తారు. తప్పు పట్టి కాగితం వెనక్కి పంపడాన్ని ఆఫీసువాళ్ళు కొర్రీ వేయడం అంటారు. ఈయన వేసినన్ని కొర్రీలు జిల్లా చరిత్రలో ఇంకెవరూ వేసి ఉండరు కాబట్టి ఆ పేరు పడింది. అసలు పేరు జీతం వచ్చే రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు.

అంత కఠినంగా రాసే మనిషి నోరు విప్పితే వేరు. బాబాయికి నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట గుమ్మంలో కాలు ఇరుక్కున్నట్టు ఆగిపోతుంది. మెడ నరాలు బిగుస్తాయి, కళ్ళు మూతలు పడతాయి. చూసేవాళ్ళకి జాలి కన్నా ముందు తొందర పుడుతుంది. అందుకని ఆయన మొదలుపెట్టిన ప్రతి వాక్యాన్నీ ఎదుటివాళ్ళే పూర్తిచేసేస్తారు, తమకి అనుకూలంగా. 'నేను రేపు సెలవు పెడతా' అనబోతే 'నేను రేపు వచ్చేస్తా అంటున్నాడు, మంచి మనిషి' అనేశారొకసారి. బాబాయి వచ్చాడు కూడా.

పెళ్ళిచూపుల్లోనూ అదే జరిగింది. పిల్ల నచ్చిందా అని పెద్దవాళ్ళు అడిగితే ఈయన 'ముందు అమ్మాయిని అడగండి' అనబోయాడు. మొదటి అక్షరం దాటేలోపే మావగారు 'ముహూర్తం పెట్టుకోమంటున్నాడు' అని నవ్వేశాడు. ఆ సంగతి పెళ్ళయిన చాలా ఏళ్ళకి భార్యకి చెబితే ఆవిడ చేస్తున్న పని ఆపి, "ఆ మాట మొత్తం అని ఉంటే నేను కాదనేదాన్ని" అంది. మళ్ళీ పనిలో పడింది. పిల్లలు కలగలేదు. ఆవిడ మాట్లాడుతుంది, ఈయన వింటాడు, ఇద్దరికీ అలవాటైపోయింది.

ఆ రోజు ఆఖరిరోజు. సాయంత్రం ఐదింటికి రాష్ట్రంవాళ్ళు ఆ లెక్కలకి తాళం వేస్తారు. ఆ తరవాత ఏడాది చివరిదాకా కొత్త పేరు చేర్చుకోవచ్చు గాని, ఉన్న పేరు తీయడానికి లేదు, ఒక ఫోన్ నంబరు మార్చడానికి కూడా లేదు. ఇలాంటి రోజున ఆఫీసంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంది. బాబాయి మాత్రం కదలడు. వెళ్ళిన కొర్రీలకి జవాబులొచ్చాయా లేదా అని ఒక్కొక్కటే చూసుకుంటాడు.

అలా చూసుకుంటూ మిల్లు వెనక బడి దగ్గర ఆగాడు.

ఆ బడిలో మాట సరిగా రాని పిల్లలకి ప్రత్యేకంగా ఒక తరగతి ఉంది. దానికి ఒక టీచరుంది. ఆవిడని పిల్లలూ తల్లిదండ్రులూ 'మాటల టీచరు' అంటారని బాబాయి ఎక్కడో ఒక కాగితంలో చదివాడు. జిల్లా మొత్తానికి అలాంటి టీచరు ఆవిడ ఒక్కతే. ఏడాది ఏడాదికీ ఒప్పందం; ఈసారిది ఈ రోజుతో ముగుస్తుంది. లెక్కరోజని ఒక తేదీ ఉంది, ఆ తేదీకి తరగతిలో పదిమంది పిల్లలున్నట్టు తేలితే రేపటినుంచి మళ్ళీ పొడిగిస్తారు. తొమ్మిదిమందే ఉంటే తరగతి ఎత్తేస్తారు. అది కేంద్రంవాళ్ళ నియమం, దాన్ని కదిలించేవాడు ఈ జిల్లాలో లేడు.

లెక్క పది ఉంది. అంతా బాగానే ఉంది. ఒక పాప ఎదురుగా మాత్రం నెలవారీ ప్రగతి గడి ఖాళీ. ఎన్ని మాటలు కొత్తగా వచ్చాయో టీచరు రాయాల్సిన గడి అది. బాబాయి దానికి మూడుసార్లు కొర్రీ వేశాడు. మొదటిసారి 'నింపండి' అన్నాడు, రెండోసారి 'వెంటనే నింపండి', మూడోసారి 'నింపకపోవడానికి కారణం తెలపండి'. మూడింటికీ జవాబు లేదు. మిగతా తొమ్మిదిమందికీ ముత్యాల్లాంటి వివరాలు రాసిన మనిషి ఈ ఒక్క పాప దగ్గర ఎందుకు మొండికేసిందో ఆయనకి అంతుపట్టలేదు. హాజరు చూశాడు. పాప చాలా రోజులుగా బడికి రాలేదు.

ఫోన్ చేయడమంటే బాబాయికి ప్రాణం మీదికొస్తుంది. అయినా రిసీవరు తీశాడు. బడి పెద్దటీచరు ఎత్తింది.

"మీ మా... మా... మాట..."

"మాటల క్లాసు గురించేగా? తెలుసు బాబాయ్ గారూ, మీరు చేస్తారని తెలుసు." ఆవిడ గొంతు తగ్గింది. బహుశా లేచి తలుపు వేసి ఉంటుంది. "దాచడమెందుకు మీ దగ్గర. ఆ పాప పోయిందండీ. జ్వరం. ఆస్పత్రిలో పెట్టారు, దక్కలేదు. లెక్కరోజుకి ముందే పోయింది. రెండు వారాలు ఆగి పోయినా..." ఆవిడ ఆ మాటకి తనే సిగ్గుపడి ఆగింది. "పాపిష్టి మాట, నాకూ తెలుసు. కానీ తీసేస్తే తొమ్మిదవుతుంది. ఆ తొమ్మిదిమంది గతేం కాను? ఇంకో రెండు నెలల్లో పదోవాడు వస్తాడు, పేరు కూడా రాసుకున్నాను. అప్పటిదాకా చూసీచూడనట్టు పోనివ్వండి. ఆ ఖాళీ గడి కూడా నింపించేస్తాను. టీచరు ఒప్పుకోవట్లేదు గాని, నేనే నింపుతాను."

బాబాయి ఏదో అనబోయాడు. ఆవిడ "మీరు మంచివారు, నాకు తెలుసు" అని ఫోన్ పెట్టేసింది.

ఆయన రిసీవరు పెట్టేశాడు. చిన్నప్పుడు తన బడిలో హాజరు వేసేటప్పుడు పేరు పిలవగానే 'హాజరు' అనాలి. ఆ హ దాటడానికి ఈయనకి కావలసిన సమయం ఆ మాస్టారి దగ్గర ఉండేది కాదు. ఎదురుగా కూర్చుని ఉన్నా ఈయనకి గైరుహాజరు పడేది. పై ఏడు పక్కన కూర్చునేవాడు దయతలిచి ఈయన వంతుకి తనే 'హాజరు' అనడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఈయన బదులు ఎవరో ఒకరు పలుకుతూనే ఉన్నారు. మాటల టీచరనేది ఒకటి ఉంటుందని తెలిసింది ఉద్యోగంలో చేరాకే. ఆ తరగతి కాగితం మొదటిసారి తన బల్లమీదికి వచ్చిన రోజున ఒక్క కొర్రీ కూడా వేయకుండా పంపించేశాడు. అదొక్కటే ఆయన జీవితంలో పక్షపాతం.

మధ్యాహ్నం డబ్బా విప్పబోతుండగా గుమ్మంలో ఒకావిడ నిలబడింది. ముప్పై దాటి ఉంటాయి. సీసాల కంపెనీ నీలం చొక్కా చీరమీదే తొడుక్కుంది, చేతివేళ్ళకి అక్కడక్కడా గుడ్డపీలికలు. కింద ఒక బల్ల దగ్గరికెళితే ఇంకో బల్లకి, అక్కడినుంచి మేడమీదికి పంపారట.

"పేర్లు తీసేది మీరేనా అండీ?"

బాబాయి తలూపి కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు. మిల్లు వెనక బడి అంది, పాప పేరు చెప్పింది. డబ్బా మూత బాబాయి చేతిలోనే ఉండిపోయింది.

"మా పాప పోయిందండీ. బడిలో చెప్పాను. వాళ్ళు ఆఫీసులో చూసుకోవాలన్నారు. నాకేం కాగితాలొద్దు, డబ్బులొద్దు. ఆ ఫోను ఒక్కటి ఆపించండి చాలు."

"ఏ... ఏ..."

అప్పుడొక వింత జరిగింది. ఆవిడ ఆయన మాట పూర్తిచేయలేదు. ఆయన పెదవుల మీదే చూపు నిలిపి, తొందరేమీ లేనట్టు, తల కొంచెం పక్కకి వంచి ఆగింది. మాట రావడం ఆలస్యమైతే ఆగడం ఆవిడకి బాగా అలవాటులా ఉంది.

"ఏ ఫోను?" అన్నాడు బాబాయి చివరికి.

ఆవిడ చెప్పేలోపు అదే మోగింది. పొద్దున మోగాల్సింది, ఆఖరిరోజు రద్దీవల్ల ఆలస్యమై ఉంటుంది. ఆవిడ ఉలిక్కిపడలేదు. ఫోను తీసి, స్పీకరు నొక్కి, బల్లమీద డబ్బా పక్కన పెట్టింది. ముందు ఒక హుషారైన బాణీ వచ్చింది. తరవాత రికార్డు చేసిన ఆడగొంతు. "నమస్కారం. మీ అమ్మాయి ఈ రోజు బడికి హాజరు కాలేదు. దయచేసి కారణం తెలపండి. అనారోగ్యమైతే ఒకటి నొక్కండి. ఊరు వెళ్ళి ఉంటే రెండు నొక్కండి. ఇతర కారణాలైతే మూడు నొక్కండి."

ఆవిడ మూడు నొక్కింది. "ధన్యవాదాలు. మీ అమ్మాయిని రేపు తప్పక బడికి పంపండి" అంది ఆ గొంతు.

"రోజూ మూడే నొక్కుతున్నానండీ," అంది ఆవిడ. "నొక్కకపోతే మళ్ళీ చేస్తుంది. ఒకరోజు మావాడు ఎత్తాడు, చిన్నవాడు, అదే బడిలో ఒకటో తరగతి. అక్క బడికి రాలేదంటున్నారు, మరి అక్క ఎక్కడుందమ్మా అన్నాడు. నంబరు రాకుండా చేసుకుందామంటే వాడికి జ్వరమొచ్చినా, బస్సు ఆలస్యమైనా ఆ నంబరు నుంచే చెబుతారు."

బాబాయి ఫోను వైపే చూస్తున్నాడు. ఆ కారణం తెలపండి అన్న మాట తను రోజుకి ఎన్నిసార్లు రాస్తాడో ఆయనకే తెలియదు.

"దానికి మాట ఈ ఏడే వచ్చిందండీ," అంది ఆవిడ, ఎవరూ అడక్కుండానే. "మొదట వచ్చిన మాట వద్దు. తినమంటే వద్దు, పడుకోమంటే వద్దు. మాకు ముచ్చటేసి, కావాలని అడిగినవే అడిగేవాళ్ళం. వాళ్ళ నాన్నయితే పనికెళ్ళొద్దా అని అడిగి, వద్దు అంటే విని అప్పుడు కదిలేవాడు." నవ్వబోయి పెదవి కొరుక్కుంది. "ఇంట్లో లేదు. మీ దగ్గరేమో ఇంకా ఉంది. ఎప్పటిదాకా ఉంటుందండీ మీ దగ్గర?"

బాబాయి డబ్బా మూత బల్లమీద పెట్టాడు. ఆవిణ్ణి కూర్చోమని చెప్పి, నీళ్ళ గ్లాసు అక్కడ పెట్టి, మెట్లు దిగి సూపరింటెండెంటు గదికి వెళ్ళాడు. ఆయన మూడు ఫోన్లు ముందు పెట్టుకుని నాలుగోదాంట్లో మాట్లాడుతున్నాడు. సంగతి ఆయనకి పెద్దటీచరు ముందే చెప్పేసింది.

"ఆవిడొచ్చిందా? వస్తే రానీ బాబాయ్. రేపు చూద్దామని చెప్పి పంపించు."

"రే... రేపు తా... తా..."

"తాళం పడుతుంది, నిజమే. పడితే ఏమైంది? ఏడాది తిరిగేదాకా ఫోన్లొస్తాయి. వినకుండా పెట్టెయ్యమను. ఆలోచించు, తొమ్మిదిమంది పిల్లలు. బతికున్న పిల్లలు. పోయిన పాపకి మనం చేయగలిగిందేముంది? నీకు జాలి ఎక్కువని నాకు తెలుసులే."

"నే... నేను ఒ... ఒ..."

"ఒప్పుకుంటున్నావు కదా? అంతే. వెళ్ళి మిగతావి చూడు."

ఒప్పుకోలేను అన్న మాట మెట్ల మధ్యలో, ఎవరూ లేనిచోట పూర్తయింది.

గదిలోకి వచ్చి తెరముందు కూర్చున్నాడు. తల్లి ఫోన్ నంబరు ఉన్న గడి తెరిచాడు. ఖాళీగా వదిలేస్తే కంప్యూటర్ ఆ పాపనే లెక్కలోంచి తోసేస్తుంది. వేరే నంబరు పెట్టవచ్చు. తన నంబరే పెట్టుకోవచ్చు. సగం అంకెలు కొట్టాడు కూడా. ఆ ఫోను తనకొస్తుంది, తను మూడు నొక్కుతాడు, ఈవిడ నిద్రపోతుంది, ఆ తొమ్మిదిమందికీ టీచరుంటుంది. ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ ఖాళీ గడి ఉంది. నెలనెలా అందులో ఏదో ఒకటి రాయాలి. ఈ నెల పాపకి ఫలానా మాటలొచ్చాయి, వచ్చే నెల ఇంకొన్ని వస్తాయని ఆ టీచరు చేతో, పెద్దటీచరు చేతో రాయించాలి. తను చదివి, అచ్చుతప్పులు చూసి, సరిగానే ఉందని పైకి పంపాలి. పోయిన పిల్ల ఏడాదంతా కాగితం మీద మాటలు నేర్చుకుంటూ ఉండాలి. బాబాయి చెయ్యి వెనక్కి వచ్చింది. కొట్టిన అంకెలన్నీ చెరిపేశాడు.

అటు ఆ తొమ్మిదిమంది. వాళ్ళ పేర్లు ఆయనకి వరసలో వచ్చేస్తాయి, మొహాలు మాత్రం తెలియవు. తెలియకపోయినా వాళ్ళ గొంతు దగ్గర ఏం జరుగుతుందో ఆఫీసులో ఆయనకొక్కడికే తెలుసు. రేపటినుంచి వాళ్ళ బదులు కూడా పక్కవాళ్ళే పలుకుతారు.

తల్లి కుర్చీ అంచున కూర్చుని ఎదురుచూస్తోంది. ఆవిడకి చెప్పడం న్యాయం. మీ పాప పేరు తీసేస్తే ఆ టీచరు వెళ్ళిపోతుందమ్మా, మీరేమంటారు అని అడగాలి. బాబాయి ఆవిడ వైపు తిరిగాడు.

"ఆ... ఆ క్లా..."

ఆవిడ మళ్ళీ అలాగే ఆగింది. తల పక్కకి వంచి, కళ్ళు ఆయన పెదవుల మీదే పెట్టి. ఎంతసేపైనా ఆగేలా ఉంది. ఆయనకి తెలుసు ఆవిడేమంటుందో. పాపం, పిల్లలకి టీచరుండనివ్వండి అంటుంది. అని లేచి వెళ్ళిపోతుంది. ఏడాదంతా పొద్దున్నే ఆ బాణీ వింటుంది, మూడు నొక్కుతుంది, చిన్నవాడికి ఏదో ఒకటి చెబుతుంది. కాదంటే అంతకన్నా ఘోరం, తన పిల్ల వల్ల తొమ్మిదిమందికి చదువు పోయిందని జన్మంతా మోస్తుంది. బాబాయి నోరు మూసుకున్నాడు. ఈసారి మాట అడ్డం పడలేదు. తనే ఆపాడు.

"ఏం లేదమ్మా," అన్నాడు. ఆ మాట తడబడకుండా వచ్చింది. "ఒక ద... దరఖాస్తు రాయండి. ఒక్క లైను."

ఆవిడ రాసింది. పీలిక కట్టిన వేలితో కలం పట్టుకోవడం కష్టమై అక్షరాలు పెద్దగా వచ్చాయి. తేదీ దగ్గర ఆగి, "అది పోయిన తేదీ సరిగ్గా వేస్తారు కదండీ?" అని అడిగింది. బడివాళ్ళు ఇంకో తేదీ వేద్దామా అన్నారట, ఎందుకో ఆవిడకి అర్థం కాలేదట. వేస్తానని బాబాయి తలూపాడు.

పేరు తీయడానికి కంప్యూటర్ కారణం అడుగుతుంది. నొక్కితే ఒక వరస కిందికి జారుతుంది: బదిలీ, వలస, మానివేత, ఇతరములు. అన్నిటికన్నా అడుగున మరణం. బాబాయి దాన్ని ఎంచుకున్నాడు, తేదీ వేశాడు. ఖాయమేనా అని అడిగింది. ఖాయమే అన్నాడు. పాప వరస బూడిదరంగుకి తిరిగింది. పైన తరగతి పేరు పక్కన పది ఉన్నచోట తొమ్మిది పడి, దానంతటదే ఎర్రగా మారింది.

"అయిపోయిందా అండీ? రేపు రాదుగా?"

"రా... రాదు."

ఆవిడ రెండు చేతులూ జోడించింది. ఆ దణ్ణం తీసుకోవడానికి ఆయనకి మొహం చెల్లలేదు, తెర వైపు తిరిగిపోయాడు. ఆవిడ మెట్లు దిగుతున్న చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా అటే చూస్తూ కూర్చున్నాడు. అన్నం ముట్టలేదు. భార్య ఫోన్ చేసి తిన్నారా అంటే ఊ అన్నాడు. "తినలేదన్నమాట" అంది ఆవిడ. ఆవిడొక్కతే ఎప్పుడూ సరిగ్గా పూర్తిచేస్తుంది.

తాళం పడే వేళకి సూపరింటెండెంటు స్వయంగా మేడమీదికి వచ్చాడు. ఎర్రటి తొమ్మిది ఆయన తెరమీద కూడా కనిపించింది. తిడతాడనుకున్నాడు బాబాయి. ఆయన తిట్టలేదు. గుమ్మానికి చెయ్యి ఆనించి, "ఇన్నేళ్ళలో ఒక్కసారి కళ్ళు మూసుకోమన్నాను బాబాయ్. ఒక్కసారి," అన్నాడు. అని వెళ్ళిపోయాడు. ఆయనా చెడ్డవాడేం కాదు. ఆయన మనవడికీ మాట ఆలస్యమే, రెండు నెలల్లో చేరాల్సిన పదోవాడు ఆ పిల్లాడే. ఆ సంగతి పక్క గదిలోని గుమాస్తా బాబాయికి చెప్పింది తాళం పడిపోయిన తరవాత.

బాబాయి ఇంటికి వెళ్ళే బస్సు ఎక్కలేదు. మిల్లు వైపు నడిచాడు. జిల్లాలో ఏ బడికి ఎన్ని గదులో, ఏ గదికి తలుపు లేదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు గాని, తను చదివిన బడి తప్ప ఇంకే బడిలోనూ ఆయన అడుగుపెట్టలేదు. కాగితం మీద పక్కా భవనమని ఉన్నది చూస్తే రేకుల షెడ్డు. మిల్లు గోడ నీడ ఆవరణ మొత్తాన్నీ కప్పేసింది. పిల్లలెప్పుడో వెళ్ళిపోయారు. వాచ్‌మన్ చివరి గది వైపు వేలు చూపించాడు.

మాటల టీచరు చిన్నమనిషి. జుట్టు గట్టిగా ముడివేసి, ఒక సంచిలో పుస్తకాలు సర్దుతోంది. పెట్టె ఒకటి అప్పటికే కట్టేసి గుమ్మం పక్కన పెట్టుంది. గుమ్మంలో మనిషిని చూసి లేచింది.

"నే... నే... నే..."

ఆవిడ సంచి కింద పెట్టింది. ఎదురుగా నిలబడి, మొహంలో జాలిగాని తొందరగాని లేకుండా ఆగింది. ఎక్కడో బస్సు హారన్ మోగింది. ఆవిడ అటు చూడలేదు.

"నేనే తీసేశాను. ఆ పా... పాప పేరు."

"మధ్యాహ్నమే తెలిసిందండీ. మెసేజ్ వచ్చింది." ఆవిడే మళ్ళీ అడిగింది. "ఆ మూడు కొర్రీలూ వేసింది మీరేనా?"

బాబాయి తలవంచుకున్నాడు.

"జవాబు రాద్దామనే కూర్చున్నాను. పాప లేదని రాస్తే వీళ్ళు పోతారు. ఉందని రాయడానికి చెయ్యి రాలేదు. రెండూ రాయకుండా ఖాళీగా వదిలేశాను. మీరేమో అడుగుతూనే ఉన్నారు." గొంతులో నిష్ఠూరం లేదు, అలసట ఉంది. "వాళ్ళమ్మకి చెప్పారా, నా పోస్టు సంగతి?"

"లే... లేదు."

"చెప్పకండి. ఎప్పటికీ చెప్పకండి."

టీచరుకి వేరే జిల్లాలో పని దొరుకుతుంది. దొరక్కపోతే అక్కావాళ్ళింట్లో కొన్నాళ్ళుంటుంది. తన గురించి అంతే చెప్పింది. పిల్లల గురించి చెప్పబోయి రెండుసార్లు ఆగింది. "రేపటినుంచి నేను రానని చెప్పాను. ఎలా చెప్పినా వీళ్ళకి ఎక్కలేదు. ఒకడికి మాత్రం అర్థమైంది. వాడు బస్సెక్కనని భీష్మించాడు, ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. అరవడం రాదు వాడికి, మొహం మాత్రం..." ఆవిడ కళ్ళు తుడుచుకుని పెట్టె అందుకుంది.

బాబాయి పెట్టె తను మోయబోయాడు. ఆవిడ వద్దంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"చిన్నప్పుడు మిమ్మల్ని ఎవరికీ చూపించలేదా?"

ఆయన అడ్డంగా తలూపాడు. ఆవిడ ఏదో చెప్పాలనుకుంది, అది ఒక్క సాయంత్రంలో చెప్పేది కాదని ఆవిడకీ తెలుసు. "ఊపిరి బిగపట్టి మొదలుపెడుతున్నారు. వదులుతూ మొదలుపెట్టాలి. నెమ్మదిగా," అంది. ఆవరణ దాటి, మిల్లు గోడ వెంట నడిచి, మలుపు తిరిగింది. బస్సు వచ్చి ఆగింది, కదిలిపోయింది.

వాచ్‌మన్ తాళంచెవులు తీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వేసేయనా సార్ అని అడిగాడు. ఒక్క నిమిషమని బాబాయి చేత్తోనే సైగ చేశాడు. గదిలో పొట్టి బల్లలు, ఊదితే తిరిగే కాగితపు పూలు, సుద్దతో గీసిన నోళ్ళు. తప్పు తనదో, నియమానిదో, ఆ జ్వరానిదో ఎంత వెతికినా ఆయనకి తేలలేదు. తను చేసింది సరైనదే. అయినా ఈ గది రేపు తెరుచుకోదు.

కిటికీ పక్కన గోడకి మేకుతో ఒక చిన్న అద్దం కొట్టి ఉంది, పిల్లలు మాట పలికేటప్పుడు తమ పెదవులు తామే చూసుకోవడానికి. నిలబడ్డ పెద్దవాళ్ళకి అందులో చొక్కా గుండీలు తప్ప ఏమీ కనిపించవు, దాని మీద చిన్నచిన్న నోళ్ళ ఆవిరి మరకలు ఒకదాని మీద ఒకటి ఎండిపోయి ఉన్నాయి.